కథలో లేని బల్లి

ప్రశ్న: టీచరమ్మకు నమస్తే. మాది పరకాల. మా పాపకు అయిదేండ్లు నిండినయి, యూకేజీ చదువుతోంది. పోయిన నెల హనుమకొండకు పోయినప్పుడు రెండు పుస్తకాలు కొన్నాను. ఒకటి లావుపాటి నీతికథల పుస్తకం. గట్టి అట్ట, మెరిసే కాగితం, పేజీ పేజీకి రంగు బొమ్మలు. రెండోది దుకాణంలో ఓ మూలకు దొరికిన పల్చటి పుస్తకం, 16 పేజీలు. ఒక పిల్ల అమ్మమ్మ ఇంటికి పోయే కథ. పేజీకి ఒక్క వాక్యమే ఉంది. బొమ్మలు కూడా సగం గీసి వదిలేసినట్టున్నయి, ఒక పేజీలో అమ్మ బొమ్మకు తలే లేదు. ధర తక్కువ కదా అని తీసుకున్నాను. మా పాప లావు పుస్తకాన్ని రెండు రోజులు తిరగేసి పక్కన పెట్టింది. పల్చటిది మాత్రం రోజూ పట్టుకొస్తది. అక్షరాల దిక్కు చూడదు. బొమ్మలు చూసుకుంట తనే కథ చెప్తది, అదీ రోజుకో తీరు. ప్రతి పేజీలో “గీడ బల్లి ఉంది సూడు” అంటది. నేను ఎన్నిసార్లు చదివినా కథలో బల్లి మాటే లేదు. అబద్ధాలు అలవాటైతున్నయా అని భయంగా ఉంది. మా అత్తమ్మ “బొమ్మలు సూసుకుంట కూసుంటే సదువెప్పుడొస్తది” అంటది. ఇంకో పుస్తకం మా తమ్ముడు తెచ్చిండు. అందులో పేజీ నిండా కోరల రాక్షసుడున్నడు. ఆ పేజీ రాంగనే నా ఒళ్ళో ముఖం దాచుకుంటది, మళ్ళీ అదే పేజీ తియ్యమంటది. మా ఆయన ఆ పేజీ చింపెయ్యమంటుండు. ఇగ బొమ్మల పుస్తకాలు మానిపించి అక్షరాలు ఎక్కువున్నవి ఇయ్యాల్నా? అసలు మంచి బొమ్మ ఏదో, కానిది ఏదో మాకెట్ల తెలుస్తది? పల్చటి పుస్తకంలోవి రెండు పేజీలు ఫొటో తీసి పంపుతున్నాను.

జవాబు: బిడ్డా, ముందు బల్లి సంగతి చెప్తాను. బల్లి ఉంది. మీ పాప అబద్ధం ఆడలేదు.

నువ్వు పంపిన మొదటి ఫొటో తీసి చూడు. పిల్ల గడప మీద కూర్చుని చెప్పు పట్టీ పెట్టుకుంటోంది. తల మీద దర్వాజకు ఏ పండుగ నాటిదో మామిడి తోరణం, ఆకులు ఎండి ముడుచుకున్నాయి. కుడి నుంచి లెక్కపెడితే నాలుగో ఆకు కొంచెం వంకర తిరిగి ఉంది. అది ఆకు కాదు, బల్లి తోక. ఒళ్ళంతా తోరణం వెనక దాగింది, ఒక కాలి వేళ్ళు మాత్రం దర్వాజ చెక్క మీదికి వచ్చాయి. ఇప్పుడు రెండో ఫొటో. పిల్ల అమ్మమ్మ వాకిట్లోకి వచ్చింది. ఎడమ పక్క నీళ్ళ గోలెం అంచు మీద రెండు నల్లచుక్కలు కనిపిస్తున్నాయా? అవి బల్లి కళ్ళు. నేను కూడా ఫొటోను పెద్దగా చేసుకుని మూడుసార్లు వెతికితే గాని దొరకలేదు.

పెద్దవాళ్ళం మనం పేజీ తెరవంగానే కళ్ళు నేరుగా అచ్చు మీదికి పోతాయి. వాక్యం చదివి, బొమ్మ మీద ఒక చూపు వేసి, పేజీ తిప్పేస్తాం. అక్షరాలు ఇంకా రాని పిల్లకు ఆ తొందర ఉండదు. నువ్వు చదువుతున్నంత సేపూ తన కళ్ళు బొమ్మంతా తిరుగుతుంటాయి, మూలమూలా వెతుకుతుంటాయి. ఆ బొమ్మలు వేసినవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే అచ్చులో నీ కోసం ఒక కథ పెట్టి, బొమ్మలో మీ పాప కోసం ఇంకో కథ దాచారు.

ఇట్లా చేయడంలో పేరుమోసిన పుస్తకం ఒకటుంది, ఇంగ్లీషులో 1968లో వచ్చిన ‘రోజీస్ వాక్’. పాట్ హచిన్స్ అనే ఆమె రాసి, బొమ్మలూ తనే వేసింది. పుస్తకం మొత్తంలో 32 మాటలే ఉంటాయి. ఒక కోడి వాకిలి దాటి, కుంట చుట్టూ తిరిగి, గడ్డివాము మీదుగా నడిచి, భోజనం వేళకు ఇల్లు చేరిందని మాత్రమే ఆ మాటలు చెప్తాయి. బొమ్మల్లో మొదటి నుంచీ ఆ కోడి వెనక ఒక నక్క పొంచి వస్తుంటుంది. కోడి మీదికి దూకినప్పుడల్లా దానికేదో ఒకటి జరుగుతుంది. కుంటలో పడుతుంది, పిండి మూట నెత్తిన కుమ్మరించుకుంటుంది, ఆఖరికి తేనెటీగలు వెంటపడతాయి. నక్క అన్న మాట పుస్తకంలో ఎక్కడా లేదు. కళ్ళు మూసుకుని వింటే ఏమీ జరగని కథ అది. బొమ్మలు చూసే పిల్లలకు మాత్రం నవ్వు ఆగదు, “వెనక్కి సూడు, వెనక్కి సూడు” అని కోడికే చెప్తుంటారు.

మన ఇండ్లలో పుస్తకం అంటే చాలామందికి ‘చందమామ’ గుర్తొస్తుంది. 1947 జూలైలో మొదలైంది. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య వేసిన బొమ్మలు చూసి పెరిగినదాన్ని నేను. శవాన్ని భుజాన వేసుకుని, కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. అయితే ఆ బొమ్మల పని వేరు. బేతాళ కథలో బొమ్మను చేత్తో మూసి చదివినా కథ పూర్తిగానే తెలుస్తుంది. బొమ్మ దానికి అందం, కోటల, అడవుల, నగల వివరం కూడా ఇచ్చింది, కానీ కథ నడిచేది అచ్చులో. నువ్వు కొన్న పల్చటి పుస్తకం ఆ జాతిది కాదు. అందులో బొమ్మ మూసి చదివితే “పాప అమ్మమ్మ ఇంటికి బయలుదేరింది” అని ఒక ఖాళీ వాక్యం మిగులుతుంది. ఎండాకాలమా, వానాకాలమా, పిల్లకు పోవడం ఇష్టమేనా, ఇంట్లో ఎవరున్నారు, బల్లి ఎక్కడుంది, ఇవన్నీ బొమ్మే చెప్తోంది. మనకు మొదటి రకం బాగా అలవాటు. అందుకే రెండో రకం చేతికొస్తే ‘ఇందులో చదవడానికి ఏముంది’ అనిపిస్తుంది.

ఈ రెండో రకం మనకు కొత్త అని మాత్రం అనుకోకు. మా ఊరు చేర్యాలకు దగ్గర. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో కలిసింది గాని 2016 వరకు చేర్యాల వరంగల్ జిల్లానే. పంటలు ఇండ్లకు చేరినంక మా పద్మశాలి వాడకు మార్కండేయ పురాణం చెప్పడానికి కూనపులివాళ్ళు వచ్చేవాళ్ళు. రెండు గుంజలు పాతి, అడ్డకర్ర కట్టి, దానికి పటం వేలాడదీసేవాళ్ళు. వెడల్పు మూడడుగులు, పొడవు 40 అడుగులు, కొన్నిటికి ఇంకా ఎక్కువే. గుడ్డంతా ఎర్రటి ఎరుపు, దాని మీద వరుస కింద వరుసగా బొమ్మలు. కథకుడు చేతిలో పుల్ల పట్టుకుని, ఒక్కో బొమ్మనూ ముట్టి చూపిస్తూ పాడతాడు. పటమంతా ఒక్కసారి విప్పరు. కథ అక్కడికి చేరిందాకా కింది బొమ్మ చుట్టలోనే ఉంటుంది. పులినెక్కిన భావనారుషి రాక్షసుడి మీదికి పోతున్నాడని తెలుసు, పాట జోరు పెరిగింది, కాని రాక్షసుడు ఎట్లున్నాడో ఇంకా కనిపించడు. చుట్ట ఒక్క మెలిక తిరిగి, ముందు కొమ్ములు కనిపించి, తర్వాత కళ్ళు, తర్వాత కోరలు. మేం పిల్లలం ఊపిరి బిగబట్టుకుని చుట్ట దిక్కే చూసేవాళ్ళం.

ఇప్పుడు మీ పాప పేజీ అంచు పట్టుకుని, తిప్పకుండా, నీ ముఖంలోకి చూసి ఒక్క క్షణం ఆగుతుంది చూడు. ఆ చుట్ట దగ్గర మాకు కలిగిందే అది. పెద్ద కాగితాలు రెండు వైపులా అచ్చు వేసి, మడిచి, కత్తిరిస్తే ఒక్కో కాగితానికి 8 లేదా 16 పేజీలు వస్తాయి. అందుకే బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 16, 24, 32 పేజీల్లో ఉంటాయి. ఉన్నవి ఆ కొన్ని పేజీలే కాబట్టి ఏ బొమ్మ పేజీ తిప్పిన తర్వాత కనిపించాలో, దేన్ని ముందే చూపించొద్దో, బొమ్మలు వేసేవాళ్ళు మాటల కన్నా దాని గురించే ఎక్కువ తంటాలు పడతారు.

ఆ పటాలు వేసేవాళ్ళు చేర్యాల నకాషీలు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఆరినంక దాని మీద గీస్తారు. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఒక్కో పటం. గౌడులకు గౌడ పురాణం, రజకులకు మడేలు పురాణం, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు చెప్పే పాండవుల కథ. కూర్చుని చూసేవాళ్ళలో అక్షరం వచ్చినవాళ్ళు ఒకరో ఇద్దరో. మా నాయనమ్మకు తన పేరు రాయడం రాదు. కాని కథకుడు ఒక వరుస దాటేసి కిందికి పోతే అక్కడే ఆపి, “నడుమ పెండ్లి బొమ్మ ఉండె గదా, అదెటుపోయింది?” అని అడిగేది. ఆమె చదువు రానిది అని నేను ఎన్నడూ అనుకోలేకపోయాను.

మీ అత్తమ్మ మాట మీద నాకు కోపం లేదు. పిల్ల భవిష్యత్తు గురించి దిగులుతోనే అంటోంది. ఆమెతో వాదించకు. ఒక పని చెయ్యి. రేపు సాయంత్రం ఆ పల్చటి పుస్తకం ఆమె చేతికిచ్చి, “అత్తమ్మా, ఈ అమ్మమ్మ ఇంట్ల ఏమేమున్నయో పిల్లకు జర చెప్పు” అను. నువ్వు పంపిన రెండో పేజీలో గోలెం ఉంది, గోడకు ఆనించిన చాట ఉంది, అరుగు పక్కన ఇసుర్రాయి ఉంది, వెనక గుమ్మి లాంటిది ఏదో సగం కనిపిస్తోంది. వీటిలో సగం పేర్లు నీకే సరిగ్గా తెలియవు. ఆమెకు తెలుసు. ఇసుర్రాయి కనబడంగనే ఒక పాట కూడా గుర్తొస్తే రావచ్చు. కండ్లద్దాలు లేకపోతే అచ్చు కనిపించకపోవచ్చు, బొమ్మకు ఆ ఇబ్బంది ఉండదు. నానమ్మా మనవరాలూ ఒక గంట ఆ ఒక్క పేజీ మీదే కూర్చున్నా నువ్వు మధ్యలో పోవద్దు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మీ అత్తమ్మలాగే ఆలోచించేదాన్ని. ములుగు దిక్కు ఒక ఊరి ప్రాథమిక బడి. ఒకటో తరగతి పిల్లలు బొమ్మ చూసి మాట చెప్పేస్తున్నారని, అక్షరం చూడడం లేదని, వాచకంలో బొమ్మ మీద నా అరచెయ్యి అడ్డం పెట్టి చదివించేదాన్ని. ఒకరోజు గోడకున్న అక్షరాల చార్టు దగ్గర ‘ఆ’ చూపించి “ఇదేంది?” అని అడిగాను. ఎవరూ పలకలేదు. పశువుల కాడికి పోయి వచ్చే ఒక పిల్లగాడు చాలాసేపు చూసి, “టీచర్, గిది ఆవు కాదు” అన్నాడు. ఎందుకు కాదని గద్దించాను. “మూపురమేది?” అన్నాడు. అప్పుడు చూశాను ఆ బొమ్మను. నలుపు తెలుపు మచ్చల సీమ ఆవు, వీపు బల్లపరుపుగా ఉంది. రెండేళ్ళుగా ఆ చార్టు కింద నిలబడి పాఠం చెప్తున్న నేను ఒక్కసారీ చూడలేదు. వాడికి ఆవు తెలుసు, బొమ్మ చదవడం తెలుసు, బొమ్మ తప్పని చెప్పే ధైర్యమూ ఉంది. నేను చెయ్యి అడ్డం పెట్టింది ఆ చదువుకే. ఆ రోజు నుంచి ఏ పుస్తకం మీదా అరచెయ్యి పెట్టలేదు. అదే చార్టులో ‘ఇ’ కింద పొగగొట్టం ఉన్న ఇల్లు ఉండేది. మా బడి పిల్లలవి గూన పెంకుల ఇండ్లు. వాళ్ళు దాన్ని ఇల్లు అని ఎందుకు అనలేదో కూడా అప్పుడే అర్థమైంది.

అక్షరాల గురించి నీ దిగులుకు ఇదే నా జవాబు. బొమ్మ చూసి వరుసగా కథ చెప్పే పిల్ల, ఏది ముందు, ఏది తర్వాత, ఎందుకట్లా అయింది అని అల్లుకుంటోంది. ‘అప్పుడు’, ‘గందుకే’, ‘గని’ అనే మాటలు తన కథలో ఎన్నిసార్లు వస్తున్నాయో ఒకరోజు విను. రోజుకో తీరు చెప్తోందంటే ఒకే బొమ్మలో నిన్న చూడనిది ఈరోజు చూస్తోందన్నమాట. తను చెప్పడం అయినంక నువ్వు ఆ ఒక్క వాక్యాన్ని ఉన్నదున్నట్టు, మాటల కింద వేలు కదిలిస్తూ, ఒకసారి చదువు. అంతకు మించి ఏమీ చెయ్యకు. ‘ఇదేం అక్షరం, అదేం అక్షరం’ అని అడగకు. అదే వాక్యం, అదే చోట, ముప్పై నలభై రోజులు కనిపిస్తే ‘అమ్మమ్మ’ అనే మాటను తనే వేలితో చూపిస్తుంది. పక్కపక్కనే రెండు ‘మ్మ’లు, దాన్ని గుర్తుపట్టడం పిల్లలకు భలే ఇష్టం.

ఇక మంచి బొమ్మ ఏదో ఎట్లా తెలుస్తుందన్నావు. నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇదే.

అమ్మకు తల లేదన్న పేజీ దగ్గరే మొదలుపెడదాం. నువ్వు పంపిన మొదటి ఫొటోలోనే అది ఉంది. పిల్ల గడప మీద కూర్చుంది. అమ్మ పక్కన నిలబడింది. చీర కుచ్చిళ్ళు, నడుముకు చెక్కిన కొంగు, చేతిలో టిఫిన్ డబ్బా, గాజులు. భుజం దగ్గర పేజీ అయిపోయింది. ఇప్పుడు లేచి మీ గడప మీద కూర్చుని, పక్కన ఎవరినైనా నిలబెట్టుకుని, తల ఎత్తకుండా చూడు. నీకు కనిపించేది అంతే. బొమ్మ వేసినవాళ్ళు కుర్చీలో కూర్చుని పిల్లను పైనుంచి చూడలేదు. అయిదేండ్ల పిల్ల ఎత్తుకు కిందికి దిగి, అక్కడి నుంచి ఇంటిని చూశారు. మీ పాపకు ఆ బొమ్మలో ఏ లోటూ కనిపించకపోవడానికి కారణం అదే, ఆమె రోజూ చూసే అమ్మ అట్లాగే ఉంటుంది.

సగం గీసి వదిలేసినట్టుంది అన్నావు. రెండో ఫొటోలో కాగితం మూడొంతులు ఖాళీ. పైన చిన్నగా ఇల్లు, ఒక మూలకు గోలెం, నడుమ తెల్లటి వాకిలి, అంచున ఇంత పిల్ల. మొదటి పేజీలో ఇదే పిల్ల పేజీలో సగం ఉంది, ఇక్కడ బొటనవేలంత అయింది. ఎండలో నడిచి వచ్చిన పిల్లకు ఆ వాకిలి ఎంత దూరంగా అనిపిస్తుందో ఆ తెల్లదనమే చెప్తోంది. అక్కడ రెండు చెట్లు, నాలుగు పిట్టలు గీసి నింపితే చూడ్డానికి నిండుగా ఉండేది, ఆ దూరం మాత్రం పోయేది. పిల్ల ఒళ్ళు చామనఛాయ, రెండు జడలు, ఒక రిబ్బన్ ఊడిపోయి వేలాడుతోంది. మీ పాప ఎప్పుడైనా “గీ పిల్ల నా లెక్కనే ఉంది” అన్నదా? అనకపోయినా చూసే ఉంటుంది.

లావు పుస్తకం ఫొటో పంపలేదు గాని అట్లాంటివి నా అల్మారాలోనూ చేరాయి, పుట్టినరోజులకు వస్తుంటాయి. దాని లోపలి అట్ట మీద చూడు. ‘బొమ్మలు’ అని రాసి పక్కన ఎవరి పేరైనా ఉందా? చాలా వరకు ఉండదు. ఆ బొమ్మ నాది అని చెప్పుకునే మనిషి లేని పుస్తకాన్ని నేను కొనను. లోపల తాబేలు నవ్వుతుంది, కుందేలు నవ్వుతుంది, బావిలో పడ్డ సింహం కూడా నవ్వుతుంది. ఒక కథలో రాజు ముఖమే ఇంకో కథలో వ్యాపారి ముఖం, మీసం మార్చి పెడతారు. ప్రతి ఊరికీ వెనక రెండు కొండలు, నడుమ సూర్యుడు. ‘కాకి కుండలో రాళ్ళు వేసింది’ అని అచ్చులో ఉంటే బొమ్మలో కాకి, కుండ, రాళ్ళు ఉంటాయి. వెతకడానికి ఇంకేమీ ఉండదు. మీ పాప రెండు రోజుల్లో దాన్ని చూడడం ముగించింది, పక్కన పెట్టింది. నాకైతే ఆ తీర్పు సరైనదనే అనిపిస్తోంది. కథలు మాత్రం పాడైపోలేదు. నువ్వు చదివి పెట్టుకుని, రాత్రి లైటు తీసేసినంక నోటితో చెప్పు.

అంటే మెరిసే కాగితం, కంప్యూటర్‌లో వేసిన బొమ్మ చెడ్డవని నా మాట కాదు. కంప్యూటర్ మీదే అద్భుతంగా వేస్తున్నవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. నేను చూసేది ఒక్కటే. ఈ బొమ్మ వేసిన మనిషి ఆ వస్తువును ఎప్పుడైనా నిలబడి చూశాడా? మేక పడుకునేటప్పుడు ముందు ముంగాళ్ళు మడుస్తుంది. తంగేడు పువ్వు పసుపు, బంతిపువ్వు పసుపు ఒకటి కావు. బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు పూలకు రంగు అద్దుతారు, తంగేడుకు అద్దరు. ఇట్లాంటివి తెలిసిన చెయ్యి గీసిన గీతలో ఒక నమ్మకం ఉంటుంది. పిల్లలు దాన్ని పేరు పెట్టి చెప్పలేరు, కాని మళ్ళీ మళ్ళీ ఆ పుస్తకమే పట్టుకొస్తారు.

చూపు పుస్తకంతోనే పెరగాలని ఏమీ లేదు. మీకు రామప్ప ఎంతో దూరం కాదు. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినంక జనం పెరిగారు. చాలామంది నందిని, మదనికలను చూసి, సెల్ఫీలు దిగి వచ్చేస్తారు. నువ్వు పాపను తీసుకుపోయి గుడి చుట్టూ వరుసగా చెక్కిన ఏనుగుల దగ్గర వదిలిపెట్టు. తన ఎత్తుకు అవి సరిగ్గా అందుతాయి. ఏ ఏనుగు ఏం చేస్తోందో తనే చెప్పనీ.

రాక్షసుడి పేజీ చింపొద్దు. మీ ఆయనకు నా మాటగా చెప్పు. భయపడి ముఖం దాచుకున్న పిల్ల తనే మళ్ళీ ఆ పేజీ తియ్యమంటోంది కదా. భయాన్ని తను కావాలన్నప్పుడు తెరిచి, వద్దన్నప్పుడు మూసేస్తోంది. అది నీ ఒళ్ళో కూర్చుని చేస్తోంది. ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? పటంలో రాక్షసుడి కోరలు చూసినప్పుడు నేను కూడా మా నాయనమ్మ కొంగులో దూరేదాన్ని, మరుక్షణం కొంగులోంచే ఒక కన్ను బయట పెట్టేదాన్ని. అమెరికాలో మారిస్ సెండాక్ 1963లో అడవి భూతాల మీద ఒక బొమ్మల పుస్తకం చేస్తే, పిల్లలు జడుసుకుంటారని పెద్దవాళ్ళు కొందరు అభ్యంతరపెట్టారు. పిల్లలు దాన్ని వదల్లేదు. ఆ పుస్తకంలో అల్లరి చేసిన పిల్లవాణ్ణి తల్లి అన్నం పెట్టకుండా గదిలోకి పంపుతుంది. కోపంతో వాడు భూతాల రాజ్యానికి పోతాడు. మొదట బొమ్మ పేజీలో చిన్నగా ఉంటుంది. వాడు దూరం పోయేకొద్దీ పెరిగి పెరిగి, చివరికి రెండు పేజీలూ నిండిపోతుంది, అక్షరాలకు చోటే ఉండదు. భూతాలకు రాజై గంతులేసే మూడు బొమ్మల్లో ఒక్క మాట లేదు. ఆఖరికి ఇంటికి తిరిగొస్తే గదిలో అన్నం ఇంకా వేడిగా ఉంటుంది.

అయితే ఒక్కటి చూసుకో. పగలు ముఖం దాచుకుని నవ్వడం వేరు, రాత్రి ఉలిక్కిపడి లేవడం వేరు. నిద్ర చెడిపోతుంటే ఆ పుస్తకాన్ని నాలుగైదు నెలలు పై అరలో పెట్టు. ఎందుకు పెడుతున్నావో పాపకు చెప్పే పెట్టు, దాచిపెట్టకు. ఆ పేజీ రావాలా వద్దా అన్నది తనే చెప్పాలి, మీ తమ్ముడు సరదాకు తెరిచి భయపెట్టొద్దు.

ఇంకేం పుస్తకాలు కొనాలో నువ్వు అడగలేదు గాని అడుగుతావు. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు తెలుగులో ఉన్నాయి, ధర అందుబాటులోనే ఉంటుంది. చెన్నై తూలిక వాళ్ళు ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్న బొమ్మల పుస్తకాలు వేస్తారు, మీ పాప బడికి అవి కలిసొస్తాయి. హైదరాబాద్‌లో మంచి పుస్తకం వాళ్ళు పిల్లల పుస్తకాల మీదే పని చేస్తున్నారు. డబ్బు పెట్టలేని రోజున, ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. ఫోన్‌లో చూపించకు, జిరాక్స్ దుకాణంలో ప్రింట్ తీయించి మధ్యలో పిన్ను కొట్టించు. ఫోన్‌లో పేజీ దానంతటదే జారిపోతుంది, పిల్ల ఆగి చూడదు. ఇంట్లో పెద్దవాళ్ళ పెట్టెల్లో సోవియట్ కాలం నాటి రాదుగ ప్రచురణాలయం తెలుగు పుస్తకాలు ఉంటే బయటికి తియ్యి. మంచులో నడిచే ఎలుగుబంట్లను నేను ఆ పుస్తకాల్లోనే మొదటిసారి చూశాను.

హనుమకొండకు వచ్చినప్పుడు ఒక పూట గ్రంథాలయాలకు కూడా పెట్టుకో. 1904లో పెట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం అక్కడే ఉంది. పిల్లను లోపలికి తీసుకుపోయి పుస్తకాల వాసన చూపించు. కొనేటప్పుడు కూడా పాపను వెంట తీసుకుపో. నువ్వు పుస్తకం తెరిచి మొదటి పేజీ చదవకు. తన చేతికిచ్చి పక్కన నిలబడు. వేళ్ళు ఏ పేజీ దగ్గర ఆగిపోతున్నాయో చూసుకో.

నా దగ్గర ఒక్క సందేహం మిగిలిపోయింది. మీ పాప దాన్ని తీర్చగలదు. మొదటి పేజీలో బల్లి కథలోని పిల్ల ఇంట్లో తోరణం వెనక ఉంది. రెండో ఫొటోలో అమ్మమ్మ ఇంట్లో గోలెం మీద ఉంది. తోక కూడా చూశాను, రెండిట్లోనూ చివర ఒకే తెల్లమచ్చ, అంటే అదే బల్లి. నడుమ పేజీలు నువ్వు పంపలేదు. అంత దూరం అది ఎట్లా వచ్చింది? సంచిలో దూరిందా, టిఫిన్ డబ్బా కిందనా, బస్సు పైకెక్కిందా? ఈ రాత్రి పాపను అడుగు. నువ్వు చెప్పకు, ముందే వెతకకు, తననే వేలు పెట్టి చూపించమను. ఏం చెప్పిందో ఆమె మాటల్లోనే నాకు రాయి.